జీలుగువలస: నూటికి నూట నాలుగు

జీలుగువలస నుంచి ఊరొదిలి పోయినవాళ్ళు లెంక తవిటయ్య ఎరిగినంతలో ముగ్గురు. ఒకరు బడిపంతులు, బదిలీ మీద వెళ్ళారు. ఇంకొకడు పాల ఎర్రన్న. పెళ్ళాంతో తగువుపడి వెళ్ళి, వండుకోవడం చేతకాక పదకొండో రోజున తిరిగొచ్చాడు కనుక అతన్ని సగానికే లెక్క వేయాలి. మూడోది ఊరి ఆంబోతు. అది ఎందుకు వెళ్ళిందో ఎవరికీ చెప్పలేదు.

ప్రభుత్వం వారి లెక్కలో ఈ సంఖ్య వెయ్యిన్నూట యాభై. అంటే ఉయ్యాల్లో ఉన్న చంటిపిల్లలతో సహా ఊరు ఊరంతా. రెండు లెక్కలకీ ఇంత తేడా ఉందన్న సంగతి తవిటయ్యకి ఒక బుధవారం పొద్దున్న, సంతలో చింతపండు తూస్తూండగా తెలిసింది.

తవిటయ్య సంత వ్యాపారి. ఉప్పు, చింతపండు, ఎండుమిరప, ఎండుచేపలు. ఈ నాలుగూ తప్ప ఐదోది ముట్టుకోడు. జీలుగువలస బుధవారం సంతలో, పంచాయతీ బోరింగు పక్కన నాలుగు గోనెలు పరిచేంత చోటు ముప్పై ఏళ్ళుగా అతనిది. ఒకప్పుడు మిగతా రోజుల్లో సైకిలు మీద ఊళ్ళు తిరిగేవాడు. మోకాళ్ళు ఎదురు తిరిగాక అది మానేశాడు. ఇప్పుడు వారానికి ఆ ఒక్క పూట సంతే అతని బతుకు.

పదహారు ఊళ్ళవాళ్ళు ఆ సంతకి వస్తారు. ఏ ఊరు ఎలా ఉందో తవిటయ్య ఎవర్నీ అడగనక్కర్లేదు, కాటా చెబుతుంది. చింతపండు ఎక్కువ కొంటున్నారంటే పెరట్లో కూరగాయలు కాయడం లేదు. మిరపకాయ తగ్గించారంటే ఇంట్లో ముసలివాళ్ళే మిగిలారు. ఉప్పు తగ్గిందంటే మాత్రం మనుషులే తగ్గారు. ఉన్నవాడైనా లేనివాడైనా ఉప్పు మానడు కదా.

కంచరపాడు సంగతి అతనికి అలా తెలిసిందే. ఐదేళ్ళ కిందట ఆ ఊరివాళ్ళు వారానికి బస్తా ఉప్పు పట్టుకెళ్ళేవారు. అది ముప్పావు బస్తా అయింది, సగమైంది, ఆఖరికి ఒక సంచి అడుగున పట్టేంత అయింది. ఏటి ఒడ్డు ఊరు అది. పడాల్సిన నెలలో వాన పడక, పడకూడని నెలలో మూడు రోజుల్లోనే ఏడాది వానంతా కురిసి, ఏరు గట్టు కొరుక్కుంటూ పొలాల్లోకి వచ్చేసింది. వరి పండిన చోట ఇసుక మేటలు వేసింది. ఇసుకలో ఏం నాటాలో తెలియక జనం చెన్నై వెళ్ళి ఇసుక మోస్తున్నారు.

ఇదంతా తవిటయ్య లెక్క. దీనికి కంప్యూటరు లేదు, కనుక దీన్ని ఎవరూ లెక్క అనరు.

ఆ బుధవారం పంచాయతీ కార్యదర్శి సుగుణవేణి ఒక కాగితం పట్టుకుని సంతలోకి వచ్చింది. వచ్చింది అనడం కన్నా, ఈదుకుంటూ చేరింది అనడం సబబు. గాజులవాళ్ళనీ బెల్లంవాళ్ళనీ దారి అడుగుతూ, రెండు మేకలనీ ఒక పిల్లాడి త్రిచక్రాన్నీ దాటి, చెమటతో తవిటయ్య గోనెల దగ్గర నిలబడింది. కాగితం అతని చేతిలో పెట్టి, చదవమన్నట్టు తల తిప్పేసుకుంది.

“జీలుగువలస గ్రామము నందు వాతావరణ కారణముల చేత నూరు శాతం వలస నమోదైనందున, జనరహిత ప్రదేశమున సంత నిర్వహణ అనవసరమని భావించి, సదరు సంతను నూరు శాతం స్థిరనివాసము నమోదైన కంచరపాడు గ్రామమునకు వచ్చే బుధవారము నుండి తరలించడమైనది. సదరు జీలుగువలస గ్రామమునందు ప్రజలెవరైనా మిగిలియున్నచో తమ అభ్యంతరములను స్వయముగా తెలుపుకొనవచ్చును.”

తవిటయ్య రెండుసార్లు చదివాడు. రెండోసారి చదువుతూండగా వెనకనుంచి ఎవరో అతన్ని తోసుకుంటూ వెళ్ళారు.

“ఇలగ సూసి సెప్పమ్మా,” అన్నాడు, సంతంతా చెయ్యి తిప్పి చూపిస్తూ. “నీకు జనం కనబడతన్నారా, లేదా?”

“నాకు కనబడతన్నారు మావయ్యా. కంప్యూటర్‌కి కనబళ్ళేదు.”

ఆమె ఇంకా వివరం చెప్పింది. నగరంలో అనుభూతి భవన్ అని ఒక సంస్థ పెట్టారట. వాతావరణం పాడైతే జనం ఎలా వలస పోతారో నాలుగు గోడల మీదా వెలుగులతో, చప్పుళ్ళతో చూపిస్తారట. దాని పేరు ‘కదలిక’. ప్రభుత్వం దగ్గరున్న కాగితాలన్నీ మింగి, దానంతటదే ఆలోచించే యంత్రమొకటి దాని వెనక ఉందట. పెద్దలంతా వెళ్ళి చూసి కళ్ళు తుడుచుకున్నారట. ఇంత కదిలించిన లెక్క అబద్ధమయ్యే వీలు లేదు కనుక, ఇకనుంచి ఏ ఊరికి ఏం ఇవ్వాలన్నా, ఏం తీసెయ్యాలన్నా ఆ గోడ చూసే తేల్చాలని ఉత్తర్వు వచ్చిందట.

మరుసటి బుధవారం తవిటయ్య ఆటోలో నాలుగు బస్తాలు వేసుకుని కంచరపాడు వెళ్ళాడు. స్థిరనివాసం నూటికి నూరున్న ఊళ్ళో ఇళ్ళు అరవై ఒకటి. తాళాలు యాభై రెండు. సంత చోటు చూపించడానికి మండలాఫీసు వాళ్ళు రెండు రంగు జెండాలు పాతి వెళ్ళారు. వాటి మధ్య వ్యాపారులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా వచ్చిన కొనుగోలుదారు ఒకే ఒక్కతి, బంగారమ్మ అనే ముసలామె. మిగతా పదిహేను ఊళ్ళవాళ్ళూ ఏటి ఇసుకలో అంత దూరం నడవలేక మానుకున్నారు.

“ఊళ్ళో ఎంతమందున్నారప్పా?” అని అడిగాడు తవిటయ్య.

“కాలూసెయ్యీ ఆడీవోలా, ఊపిరి ఆడీవోలా?”

“ఊపిరే సెప్పు.”

“పందొమ్మిది మందిమి. మావోలంతా మదరాసు ఎల్లిపోనారు కాదేటి. మొన్న సర్కారోలొచ్చి ఆ కరెంటు స్తంబానికి డబ్బా ఒకటి కట్టినారు. గాలిని కొలస్తదంట. ఏటిని కొలిసీవోడు ఇంకా రాలేదు.”

చెన్నైలో ఉన్న కంచరపాడు వాళ్ళ కాగితాలన్నిటి మీదా చిరునామా కంచరపాడనే ఉంది. అందుకని యంత్రం లెక్కలో వాళ్ళంతా ఇళ్ళల్లోనే ఉండి, తలుపులకి బయటనుంచి తాళాలు వేసుకుని కూర్చున్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాలుగు బస్తాలూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. తవిటయ్య మనసులో లెక్క వేసుకున్నాడు. సంతకి నాలుగు వారాలు వరసగా జనం రాకపోతే అది పోయినట్టే. ఇంకో సంత దారి పట్టిన కాళ్ళు మళ్ళీ ఇటు తిరగవు. ఒక వారం అయిపోయింది. ఇంకా మూడున్నాయి.

మర్నాడే నగరం బస్సెక్కాడు.

అనుభూతి భవన్ ఉన్న చోట పూర్వం చేపలవాళ్ళ ఐసు ఫ్యాక్టరీ ఉండేది. ఎండలు ముదిరి ఐసు అవసరం పెరిగిన రోజుల్లో దాన్ని మూయించి, ఎండలు ముదిరాయని చెప్పే ఈ ప్రదర్శన పెట్టారు. వెనక రెండు పెద్ద జనరేటర్లు పొగ కక్కుతున్నాయి. లోపల చలికి జనం వణుకుతారని గుమ్మంలో శాలువాలు ఇస్తున్నారు. తవిటయ్య చేతికి ఒక పట్టీ కట్టి, ఏ ఊరని అడిగారు. చెప్పాడు. ఇనప చట్రంలోంచి అడుగు లోపల పెట్టగానే చక్కని ఆడగొంతు పలికింది.

“స్వాగతం. మీ వలస నమోదైంది.”

లోపల చీకటి. నేలంతా నీళ్ళు. తవిటయ్య పంచె పైకెత్తుకున్నాడు. తరవాత తెలిసింది, అవి వెలుగుతో చేసిన నీళ్ళని. ఎత్తిన పంచె ఎవరూ చూడకుండా దించాడు. నాలుగు గోడల మీదా గాలివాన, దాని వెంబడి వయొలిన్ ఏడుపు. వాన నడుమ జిల్లా పటం పైకి తేలింది. అందులోంచి ఎర్రటి చుక్కలు ధారలు కట్టి సముద్రంలోకి కారిపోతున్నాయి. ఒక్కో చుక్క ఒక్కో మనిషట. అన్నిటికన్నా లావుపాటి ధార పైన జీలుగువలస అని రాసి ఉంది.

పక్కన నిలబడ్డ ఒక పట్నపావిడ శాలువా కొంగుతో కళ్ళొత్తుకుంటూంది. “ఒక్కరూ మిగల్లేదట పాపం,” అని తనలో తాను అనుకున్నట్టుగా అంది.

“నాను జీలుగువలసేనమ్మా. ఊరు బాగానే ఉంది. నిన్న మా మేనకోడలికి సీమంతం సేసినారు.”

ఆమె అతన్ని కిందనుంచి పైదాకా చూసి, చేతులు రెండూ పట్టుకుంది. అంత దెబ్బ తిన్నాక మనసు ఇలాగే మంచి సంగతులు ఊహించుకుంటుందని ఓదార్చి, అతని పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది.

తవిటయ్య గోడ దగ్గరికి జరిగాడు. సంతలో తూకం రాళ్ళు చూసినట్టు, ధారల పేర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. ఎర్రగా కారుతున్నవి గొల్లవలస, దిబ్బవలస, పెదవలస, కొండవలస, సీమలవలస. పచ్చగా చల్లగా మెరుస్తున్నవి పేటలు, పురాలు, పాడులు. ఆ జిల్లాలో ఊళ్ళకి చివర వలస అని ఉండటం, మనిషికి ముక్కు ఉండటం లాంటిది. ఎప్పుడో ఎవరో వచ్చి చెట్టు కొట్టి ఇల్లు కట్టుకుంటే అది వాళ్ళ వలస. యంత్రానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వలస అన్న మాట కనబడ్డ కాగితం కల్లా ఒక మనిషిని ఊరు దాటించింది. జీలుగువలసకి ఊరూ అదే, పంచాయతీ అదే, పోస్టూ అదే. ఒక్కో కాగితం మీద మూడేసిసార్లు. అందుకే ఆ ధార అంత లావు.

జబ్బేమిటో తెలిసింది కనుక మందు తేలికే అనుకున్నాడు తవిటయ్య. వ్యాపారంలో అంతే. కాటాలో తేడా ఉంటే రాయి మారుస్తాం, అయిపోతుంది.

సంచాలకులు డాక్టర్ కృపాసాగర్ గది ఇంకా చల్లగా ఉంది. ఆయన తవిటయ్యని కూర్చోబెట్టి, చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు.

“వలసంటే మా వైపు వచ్చినోల ఊరు బాబూ. పోయినోల ఊరు కాదు,” అని ముగించాడు తవిటయ్య.

“అంటే పూర్వం ఎక్కడినుంచో వచ్చారన్నమాట. అయితే మా యంత్రం నిగూఢమైన చారిత్రక సత్యాన్ని వెలికితీసింది తవిటయ్య గారూ. వచ్చారా, పోయారా అనే దిశాపరమైన సంకుచితత్వం మా దృక్పథంలో లేదు. కదలికే మాకు ప్రమాణం.”

తవిటయ్య ఉప్పు సంగతి చెప్పాడు. కంచరపాడు ఎలా ఖాళీ అయిందో, అది కాటాలో ఎలా తెలుస్తుందో చెప్పాడు. సంచాలకులు జాలిగా నవ్వారు. తమరిది అనుభవమనీ, తమ సంస్థది అనుభూతి అనీ, అనుభవానికి ఆధారాలు ఉండవనీ, అనుభూతికి సర్వర్ ఉంటుందనీ సెలవిచ్చారు. అయినా సంస్థ ప్రజలకి జవాబుదారీ కనుక సవరణకి ఒక మార్గం ఉందన్నారు. వలస వెళ్ళలేదని చెప్పుకోదలచిన వ్యక్తులు ఎవరికి వారు స్వయంగా ఈ భవనానికి హాజరై, ద్వారం వద్ద తమ ఉనికిని నమోదు చేయించుకోవాలి. కనీసం నలభై ఐదు మంది రావాలి. అప్పుడు యంత్రం పునరాలోచిస్తుంది.

ఊరికి వచ్చి తవిటయ్య ఇల్లిల్లూ తిరిగాడు. కోత పనులున్నాయన్నవాళ్ళని బతిమాలాడు. ఊరు మునిగిపోయిందట, వెళ్ళి చూసొద్దాం రండని చెప్పి ఆడవాళ్ళని ఒప్పించాడు. సర్పంచి, పాల ఎర్రన్న, ఎర్రన్న పెళ్ళాం, తను, మొత్తం నలభై ఐదుగురు రెండు వేన్లలో బయలుదేరారు.

ద్వారం దగ్గర వరసగా నిలబెట్టారు. ఒక్కొక్కరే చట్రం దాటుతూంటే ఆ ఆడగొంతు అలసట లేకుండా పలికింది. “స్వాగతం. మీ వలస నమోదైంది. స్వాగతం. మీ వలస నమోదైంది.”

పదిహేనో మనిషి దాటేసరికే తవిటయ్యకి అనుమానం వచ్చింది. ఆపడానికి వెళితే, వరస తప్పకూడదని కాపలావాడు వెనక్కి పంపాడు. నలభై ఐదో మనిషిగా తవిటయ్య లోపలికి వెళ్ళి గోడ చూశాడు. జీలుగువలస ధార గోడ దాటి పైకప్పు మీదకి ఎగబాకింది. తవిటయ్య మొదటి రాకని కూడా కలుపుకుని దాని పక్కన అంకెలు వెలిగాయి. వెయ్యిన్నూట తొంభై ఆరు. నూటికి నూట నాలుగు.

డాక్టర్ కృపాసాగర్ చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగున వచ్చారు. చూపు గోడ మీదే ఉంది.

“ఇది రెండో అల. వలస మీద వలస. ఇలాంటిది ఏ దేశపు ప్రదర్శనలోనూ నమోదు కాలేదు.”

“ఉన్నోల కన్నా ఎక్కువమంది ఎలగ ఎల్లిపోతారు బాబూ?” అన్నాడు తవిటయ్య.

“అదేనండీ మన కాలపు విషాదం.”

ఎర్రన్న పెళ్ళాం అప్పటికే గోడ మీద తన ఇల్లు మునిగిన చోటు వెతుక్కుని, ఆ చుక్కల్లో తన మొగుడు ఏ చుక్కో చూపించమని అక్కడ పనిచేసే పిల్లని అడుగుతోంది. ఈసారి వెళ్ళినవాడు తిరిగి రాకపోయినా ఫరవాలేదట.

వారం తిరక్కుండా ఆ నాలుగు శాతానికి బహుమతి వచ్చింది. బహుమతి ఇచ్చినవాళ్ళు క్షేత్ర పరిశీలన కూడా కావాలన్నారు కాబోలు, అనుభూతి భవన్ నుంచి ముగ్గురు సభ్యుల బృందం జీలుగువలస వచ్చింది. జేబులెక్కువున్న చొక్కాలు తొడుక్కుని, ఊరి మీదకి ఎగిరే కెమెరా ఒకటి వదిలారు. ఊరంతా దాని వెంట పరుగెత్తింది. మధ్యాహ్నం సర్పంచి ఇంట్లో నాటుకోడి కూరతో భోంచేసి, రెండోసారి వడ్డించుకుని, వెళ్ళి నివేదిక రాశారు. సుగుణవేణి దాన్ని తవిటయ్యకి చదివి వినిపించింది.

“గ్రామము పూర్తిగా జనరహితము. అయితే సదరు జనరహిత గ్రామమందు సుమారు వెయ్యిమంది అజ్ఞాత వ్యక్తులు వంటలు చేసుకొనుచు, పశువులను తోలుకొనుచు, పిల్లలను బడికి పంపుకొనుచు సంచరించుచున్నట్లు గమనించడమైనది. వీరు వాతావరణ సందర్శకులై ఉండవచ్చును. వీరు బస నిమిత్తము తగు అనుమతి పొందవలసియున్నది. కోడికూర బాగుగా ఉన్నది.”

ఆ ఆఖరి మాటొక్కటే నిజమని సర్పంచి ఒప్పుకున్నాడు.

మూడో బుధవారం కంచరపాడు జెండాల మధ్య గాజులవాళ్ళు రాలేదు. బెల్లంవాళ్ళు వేరే సంత చూసుకున్నారు. తవిటయ్య, చాటల నారాయణ, కత్తులు సానబెట్టే అతను, ముగ్గురే కూర్చున్నారు. ఇంకొక్క వారం. ఆ ఒక్క వారంలో ఏం చెయ్యాలా అని తవిటయ్య సాయంత్రం దాకా ఆలోచించాడు.

అతనికి తెలిసిన వ్యాపార సూత్రం ఒక్కటే. కొనేవాడు ఏం కొంటున్నాడో ముందు తెలుసుకోవాలి. ఇన్నాళ్ళూ ఆ సంచాలకుడికి తను నిజం అమ్మబోయాడు. ఆయన నిజం కొనే మనిషి కాదు. ఆయన కొనేది మాటలు. మాటే అమ్మాలి మరి.

మర్నాడు మళ్ళీ ఆ చట్రం దాటాడు. ‘మీ వలస నమోదైంది’ అంటే ‘సరేనమ్మా’ అని జవాబు చెప్పాడు. సంచాలకుల ముందు కూర్చుని, ఈసారి ఫిర్యాదేమీ లేదనీ, ఒక సందేహం తీర్చుకోడానికి వచ్చాననీ చెప్పాడు.

“పాడు అంటే ఏటి బాబూ?”

“పాడు అంటే శిథిలం. ధ్వంసం. పాడుబడిన ఇల్లు, పాడుబడిన బావి అంటాం కదా.”

“అదే. మా వైపు ఊళ్ళ పేర్లలో వలసలే కాదు, పాడులు కూడా శానా ఉన్నాయి. కంచరపాడని ఉంది. తమరి యంత్రం వాటిని పచ్చగా సూపిస్తంది. పేరులోనే పాడని ఉన్న ఊరు పచ్చగా ఎలగుంటదో నా బుర్రకి ఎక్కలేదు.”

డాక్టర్ కృపాసాగర్ కుర్చీలోంచి నెమ్మదిగా లేచి కిటికీ దగ్గరికి నడిచారు. తరవాత, ఇన్నాళ్ళూ తమ సంస్థ కదలికని మాత్రమే చూసిందనీ, కదలిక తరవాత మిగిలే నిశ్శబ్దాన్ని చూడలేదనీ, ఒక సామాన్య గ్రామీణుడి నోట భాష తన గర్భంలోని వేదనని బయటపెట్టిందనీ, ఇంకా చాలా అన్నారు. సాయంత్రానికి రెండో హాలుకి పేరు పెట్టేశారు. ‘శిథిలం’. యంత్రానికి కొత్త మాట నేర్పారు. రాత్రికి రాత్రి జిల్లాలోని పాడులన్నీ బూడిదరంగు తిరిగిపోయాయి.

తవిటయ్య బస్సులో కునుకు తీశాడు. కంచరపాడు శిథిలమైతే అక్కడ సంత నడవదు. నడవకపోతే ఎక్కడినుంచి వెళ్ళిందో అక్కడికే తిరిగి రావాలి. పైగా శిథిలమని సర్కారే ఒప్పుకున్నాక, ఆ ఊరికి ఏటి గట్టు కట్టక తప్పదు కదా అన్న ఇంకో లెక్క కూడా కలిసింది. ఒక్క మాటతో రెండు బేరాలు. అలాంటి రోజులు అతని జన్మలో ఎక్కువ లేవు.

దిగీ దిగగానే కంచరపాడు వెళ్ళి, బంగారమ్మ చేత గట్టు కోసం అర్జీ మీద వేలిముద్ర వేయించి పంపాడు.

సోమవారం ఉత్తర్వులు రెండూ కలిసే వచ్చాయి. మొదటిది బంగారమ్మకి. “సదరు గ్రామము ‘శిథిలం’ ప్రదర్శనకు మూలాధారమై ఉన్నందున, ప్రదర్శన కాలమంతయు గ్రామ శైథిల్యమును యథాతథముగా పరిరక్షించవలసియున్నది. గట్టు నిర్మాణము వలన డేటా స్వచ్ఛత దెబ్బతినును. అయితే ఏరు గట్టును కోయునప్పటి ధ్వనిని నమోదు చేయుటకు రెండు మైకులు మంజూరు చేయడమైనది.”

రెండోది సంత గురించి. “శిథిల గ్రామమందు భద్రతా కారణముల చేతను, జనరహిత గ్రామమందు జనము లేని కారణము చేతను సంత నిషేధించడమైనది. ఈ రెండు వర్గములకును చెందని ప్రదేశమును వ్యాపారులే సూచించుకొనవలెను.”

తవిటయ్య ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక మాటతో రెండు బేరాలు అనుకున్నాడు. రెండూ వాళ్ళే కొట్టేశారు. గట్టు సంగతి చెప్పడానికి బంగారమ్మ ఇంటిదాకా వెళ్ళి, వాకిట్లో నిలబడి, మైకుల మాట నోటికి రాక, గట్టు ఈ ఏడు కాదట అని మాత్రం చెప్పి వచ్చేశాడు. తను అమ్మిన మాటే ఆ ఊరి మెడకి చుట్టుకుందన్న సంగతి ఆమెకి తెలియదు. అతనికి తెలుసు.

మంగళవారమంతా అతను ఆ చుట్టుపక్కల నడిచాడు. పేట అన్న చోటు చూశాడు. వచ్చే ఏడు పేటల మీద ఏం ప్రదర్శన పెడతారో ఎవరికెరుక. పురం చూశాడు, అదీ నమ్మకం కుదరలేదు. ఆఖరికి జీలుగువలస పొలిమేర దాటి, కంచరపాడు పొలిమేర ఇంకా రాని చోట, తారు రోడ్డుకి రెండు వైపులా ఉన్న బీడు దగ్గర ఆగాడు. అక్కడ ఇల్లు లేదు, గుడి లేదు, బడి లేదు. మైలురాయి ఉంది గానీ దాని మీద రంగు పోయి అక్షరం ఆనవాలు లేదు. తవిటయ్య దాని మీద కూర్చుని పదహారు ఊళ్ళకీ కబురు పంపాడు.

బుధవారం పొద్దెక్కేసరికి బీడు నిండింది. గాజులవాళ్ళు తిరిగొచ్చారు. బెల్లంవాళ్ళు వచ్చారు. కొత్త చోటు అనగానే చూడ్డానికే సగం మంది వచ్చి, వచ్చాం కదా అని కొన్నారు. ఏటి ఇసుక తొక్కక్కర్లేదు కనుక అన్ని ఊళ్ళకీ దగ్గరే. కంచరపాడు పందొమ్మిది మందీ ఒకే ఆటోలో వచ్చి దిగారు.

సుగుణవేణి పలక లాంటి కంప్యూటరు చేత్తో పట్టుకుని వచ్చింది. సంత నమోదు చెయ్యకపోతే రేపు పోలీసులొచ్చి ఎత్తేస్తారంది.

“ఊరి పేరు అడుగుతోంది మావయ్యా. ఏం కొట్టమంటావు?”

“ఈ సోటుకి పేరు లేదమ్మా. ఖాళీ వదిలీ.”

“వదిలితే ఒప్పుకోదు. వీటిల్లోంచే ఏదో ఒకటి నొక్కాలి.”

ఇద్దరూ కలిసి ఆ జాబితా కిందికి జరుపుకుంటూ వెళ్ళారు. వలసలు దాటారు, పాడులు దాటారు, పేటలూ పురాలూ అగ్రహారాలూ దాటారు. అట్టడుగున, ఇంక కిందికి జరగని చోట, ఒక మాట ఉంది. ఇతరములు.

సుగుణవేణి తవిటయ్య మొహం చూసింది. అతను తలూపాడు. నొక్కింది. తెర పచ్చబడింది. యంత్రం జనాభా అడగలేదు, వలస అడగలేదు, శైథిల్యం అడగలేదు. ఇతరముల గురించి తెలుసుకోవాలన్న కోరిక దానికి లేదు. ‘ఇతరములు సంత, ప్రతి బుధవారం, ఆమోదించడమైనది’ అని మాత్రం చూపించింది.

తవిటయ్య గోనెల దగ్గర బంగారమ్మ అప్పటికే కూర్చుని ఎండుచేపల తట్ట కెలుకుతోంది.

“ఆ సెగట్రీ ఏటంటంది?” అని అడిగింది.

“మనం ఇయ్యాళ్టినుంచి ఇతరములం అంటప్పా. కంప్యూటర్ ఒప్పుకుంది.”

“ఇన్నాళ్ళూ మరేటనుకున్నావు,” అంది బంగారమ్మ. “ఈ నెత్తళ్ళు నిరుటివేనేటి? అడుగునున్నవి తియ్యి.”